డబ్లిన్ పోగొట్టుకున్న 168 మెట్లు

డబ్లిన్‌లో డెబ్భై దాటిన పెద్దవాళ్ళ దగ్గర ఓకానల్ స్ట్రీట్ పేరెత్తితే మాట నేరుగా ఆ వీధి నడుమ ఒకప్పుడు నిలబడిన నెల్సన్ పిల్లర్ అనే స్తంభం మీదికే పోతుంది. ప్రేమికులు కలుసుకున్నది దాని కిందే. పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన తల్లులు తప్పిపోయిన పిల్లల కోసం ఎదురుచూసిందీ అక్కడే. దాని చుట్టూ పూలమ్మే ఆడవాళ్ళు బుట్టలు పెట్టుకుని కూర్చునేవారు. ట్రాములు నడిచినన్నాళ్ళు అది ట్రాముల మజిలీ. 1949లో సిటీ ట్రాములు ఆగిపోయాక బస్సులకి అదే గుర్తు. "పిల్లర్ కింద ఉంటా" అంటే ఇంకే ఆనవాలూ చెప్పక్కర్లేదు.

ఆ పిల్లర్ పైన నిలబడిన మనిషి ఇంగ్లండ్ నౌకాదళ సేనాని హొరేషియో నెల్సన్. ఐర్లండ్‌కి స్వాతంత్ర్యం వచ్చాక కూడా 44 ఏళ్ళు ఆయన రాజధాని నడిబొడ్డున అలాగే నిలబడి ఉన్నాడు. ఇది ఎలా సాధ్యమైంది, చివరికి ఎలా కూలింది, ముక్కలు ఎక్కడికి పోయాయి అన్నది చెప్పుకోవాల్సిన కథ. దాంతోపాటు ఆ ఊరి మిగతా రాజులు, రాణులు, సేనానుల విగ్రహాలు ఏమయ్యాయో కూడా చెప్పుకోవాలి. వాటిలో రెండు మూడింటికి మన మద్రాసుతోనూ, దక్కన్‌తోనూ నేరుగా సంబంధం ఉంది.

ముందు కట్టడం సంగతి. నెల్సన్ గెలిచి ప్రాణం పోగొట్టుకున్న ట్రఫాల్గర్ యుద్ధం 1805 అక్టోబరు 21న జరిగింది. డబ్లిన్‌లో చందాలు పోగై, 1808 ఫిబ్రవరి 15న శంకుస్థాపన చేసి, 1809 అక్టోబరు 21న, అంటే యుద్ధం జరిగి సరిగ్గా నాలుగేళ్ళకి, జనానికి తెరిచారు. లండన్‌లో అందరికీ తెలిసిన నెల్సన్ స్తంభం దీని తర్వాత 30 ఏళ్ళకి పైగా గడిచాక లేచింది. మూల నమూనా విలియం విల్కిన్స్‌ది. దాన్ని మార్చి, దగ్గరుండి కట్టించింది ఫ్రాన్సిస్ జాన్‌స్టన్. పక్కనే ఉన్న జీపీఓ, అంటే జనరల్ పోస్టాఫీసు, కూడా తర్వాత ఆయన చేతి మీదుగానే 1818లో తయారైంది. స్తంభం లోపలి భాగం నల్ల సున్నపురాయి, బయటి తొడుగు విక్లో కొండల గ్రానైట్. విగ్రహం మాత్రం పోర్ట్‌లాండ్ రాయి అనే సున్నపురాయి, 13 అడుగులు, చెక్కినవాడు కార్క్ ఊరి శిల్పి థామస్ కర్క్. విగ్రహంతో కలిపి మొత్తం ఎత్తు 134 అడుగులు.

ఈ రాళ్ళ పేర్లు గుర్తుంచుకోండి. ఏ విగ్రహం ఏమైందన్నది చాలావరకు అది దేంతో చేశారన్న దాని మీదే ఆధారపడింది.

జనం ప్రేమించింది మాత్రం లోపలి మెట్లని. లండన్ స్తంభంలో మామూలు జనం ఎక్కడానికి మెట్లే లేవు. డబ్లిన్ స్తంభంలో 168 మెట్లు, చుట్టుకుంటూ పైకి పోతాయి. మొదట్లో తలుపు నేల మట్టానికి కింద ఉండేది, కొన్ని మెట్లు దిగి లోపలికి వెళ్ళాల్సి వచ్చేది. 1894లో వీధి మట్టానికే ఒక చిన్న వసారా కట్టి దారి మార్చారు. తెరిచిన కొత్తలో రుసుము పది పెన్నీలు. ఆ కాలపు కూలివాడికి అది చిన్న మొత్తం కాదు. తర్వాతి తరాలకి మాత్రం అందుబాటులోకి వచ్చింది. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళే చోటుగా మారింది. ఎక్కినవాళ్ళు చెప్పేదంతా ఒకేలా ఉంటుంది: ఇరుకు, చీకటి, చల్లటి రాయిని చేత్తో తడుముకుంటూ పోవడం, దిగేవాళ్ళు ఎదురైతే గోడకి అతుక్కుని నిలబడటం, పైకొచ్చేసరికి మొహాన కొట్టే గాలి. పైన చుట్టూ కటకటాలు వేసిన వరండా. అక్కడి నుంచి ఒకవైపు సముద్రం, హౌత్ కొండ, మరోవైపు విక్లో పర్వతాలు, కింద లిఫీ నది. అంతా కూలివాడల పొగగొట్టాలున్న ఊళ్ళో, డబ్బున్నవాడి మేడ ఎక్కకుండా మామూలు మనిషి తన ఊరిని పైనుంచి చూసుకోగలిగిన చోటు అది. నెల్సన్ అక్కర్లేదన్నవాళ్ళు కూడా ఆ మెట్లు ఎక్కారు. పిల్లర్ విషయంలో డబ్లిన్ గుండెలో ఉన్న కలతంతా ఇక్కడే ఉందని నా నమ్మకం.

మరి స్వతంత్ర దేశం దాన్ని ఎందుకు దించలేదు? అడ్డొచ్చింది అభిమానం కాదు, కాగితం. పిల్లర్ నగరపాలక సంస్థ ఆస్తి కాదు. చందాదారుల తరఫున ఏర్పడ్డ ట్రస్టీలది. స్మారకాన్ని కాపాడుతూ, నిలబెట్టి ఉంచడం వాళ్ళ చట్టబద్ధమైన బాధ్యత. తీసేయడానికి వాళ్ళు ఒప్పుకుంటే ట్రస్టు నియమాన్ని తామే మీరినట్టు. వీధికి అడ్డంగా ఉందని, రాకపోకలకి ఇబ్బంది అని పంతొమ్మిదో శతాబ్దంలోనే ఫిర్యాదులున్నాయి. 1891లో జరపడానికి బిల్లు కూడా పెట్టారు, నెగ్గలేదు. స్వాతంత్ర్యం వచ్చాక విగ్రహం దించి ఇంకొకరిని నిలబెడదామన్న సలహాలు ఎన్నో వచ్చాయి. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే తప్ప కుదరదు, ఆ చట్టం చేయడానికి ఏ ప్రభుత్వమూ పూనుకోలేదు.

1916 ఈస్టర్ సోమవారం, ఏప్రిల్ 24న, పిల్లర్‌కి కొద్ది గజాల దూరంలో, జీపీఓ ముందు నిలబడి పాట్రిక్ పియర్స్ గణతంత్ర ప్రకటన చదివాడు. బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు అలా మొదలైంది. అదే రోజు బ్రిటిష్ గుర్రపు దళం ఒకటి ఆ వీధిలోకి వచ్చి జీపీఓ నుంచి వచ్చిన తూటాలకి చెదిరిపోయింది. చచ్చిన గుర్రాలు పిల్లర్ దగ్గరే రోజుల తరబడి పడి ఉన్నాయి. ఆ వారం చివరికి వీధిలో తూర్పు వైపు భవనాలు మాడి మసైపోయాయి, జీపీఓ లోపలంతా కాలిపోయి గోడలు మిగిలాయి. నెల్సన్ మాత్రం చెక్కుచెదరకుండా నిలబడ్డాడు. ఆ వారంలో చనిపోయింది సుమారు 485 మంది, వాళ్ళలో సగానికి పైగా ఆయుధం పట్టని మామూలు జనం. నలభై మంది దాకా పిల్లలు.

ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఒక తెలుగు కుర్రాడు న్యాయశాస్త్రం చదువుకుంటున్నాడు. బరంపురం నుంచి 1913లో వెళ్ళిన వరాహగిరి వెంకటగిరి. తిరుగుబాటు నాయకులతో సంబంధాలున్నాయని అనుమానించి, 1916 జూలై 1 లోగా దేశం విడిచిపొమ్మని ఆయనకి ఉత్తర్వు ఇచ్చారు. తిరిగొచ్చి మద్రాసులో వకీలుగా చేరి, కార్మికోద్యమంలో దిగి, 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. ఈ వ్యాసంలో చెబుతున్న విగ్రహాల్లో చాలావాటిని, అంటే పిల్లర్‌ని, విక్టోరియాని, గుర్రం మీది విలియం రాజుని, గిరిగారు చదువుకున్న రోజుల డబ్లిన్ చూసింది.

పిల్లర్ మీద దాడి 1966లోనే మొదలు కాలేదు. 1955 అక్టోబరు 29న తొమ్మిది మంది విశ్వవిద్యాలయ విద్యార్థులు కాపలాదారు దగ్గర తాళాలు సంపాదించి, లోపలికి దూరి గడియ పెట్టుకున్నారు. వాళ్ళ వెంట మంట చిమ్మే పరికరాలున్నాయి. పైవరండా నుంచి కెవిన్ బ్యారీ బొమ్మ ఉన్న గుడ్డ వేలాడదీశారు. కెవిన్ బ్యారీ బ్రిటిష్ పాలనకి ఎదురు తిరిగి 1920 నవంబరు 1న ఉరికంబం ఎక్కిన 18 ఏళ్ళ వైద్య విద్యార్థి. ఆ పేరు వింటే అక్కడ ఇప్పటికీ గొంతులు బరువెక్కుతాయి. చివరికి పోలీసులు సమ్మెటలతో తలుపు పగలగొట్టి వాళ్ళని దించారు. విగ్రహానికి ఏమీ కాలేదు. సున్నపురాయి మంటకి కరగదు. బాగా వేడెక్కితే పైపొర పెచ్చులూడుతుంది, ఇంకా గంటల తరబడి కాలిస్తే సున్నమవుతుంది. చేతిలో పట్టుకున్న పరికరానికి, పైగా అంత గాలిలో, 13 అడుగుల రాయిని అంత వేడెక్కించే శక్తి ఉండదు.

1966 మార్చి 8, మంగళవారం, రాత్రి ఒంటిగంటన్నర వేళ పేలుడు జరిగింది. అది ఈస్టర్ తిరుగుబాటు యాభయ్యో ఏడు. పేల్చింది ఐఆర్ఏ, అంటే ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, నుంచి విడిపోయిన కొందరు. చాలా ఏళ్ళ తర్వాత, 2000లో, లియం సట్‌క్లిఫ్ అనే ఆయన ఇది తమ పనేనని రేడియోలో చెప్పాడు. అంతకు కొద్ది రోజుల ముందు పెట్టిన బాంబు పేలకపోతే వెనక్కి తెచ్చుకుని, మళ్ళీ వెళ్ళి పెట్టానని కూడా ఆయన మాట. టికెట్ కొన్నవాడెవడైనా లోపలికి వెళ్ళగలిగే స్తంభం అది. ఆ మెట్ల దారే దాని బలహీనత కూడా అయింది. లోపల గొట్టంలా బోలుగా ఉన్న కట్టడం నడుమ పేలుడు జరిగితే ఒత్తిడి పోవడానికి చోటు లేక గోడని బయటికి తోసేస్తుంది. పైసగం, విగ్రహంతో సహా, వందల టన్నుల రాయిగా వీధిలో పడింది. కింద దాదాపు 70 అడుగుల మొండెం మిగిలింది. పక్కనే ఒక హోటల్లో నాట్యం ముగిసి జనం బయటికొచ్చే వేళ అది. ఒక టాక్సీ నలిగిపోయింది, దాని డ్రైవరు బతికాడు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ వీధి వెడల్పు తెలిసినవాళ్ళకి, ఆ వేళ అక్కడ ఎంతమంది తిరుగుతుంటారో తెలిసినవాళ్ళకి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మిగిలిన మొండేన్ని ఆరు రోజుల తర్వాత, మార్చి 14 తెల్లవారుజామున, సైన్యపు ఇంజనీర్లు పేల్చారు. దూరంగా గుమిగూడిన జనం కేకలు వేశారు. కింది భాగం పైదానికన్నా మందం, బరువు ఎక్కువ, కాబట్టి మందూ ఎక్కువే పట్టింది, వీధిలో అద్దాలూ పగిలాయి. ఇక్కడి నుంచే ఒక కథ పుట్టింది: ఐఆర్ఏ వాళ్ళు శుభ్రంగా చేసిన పనిని సైన్యం పాడుచేసిందని, రెండో పేలుడుకే ఎక్కువ నష్టం జరిగిందని. ఇది ఊళ్ళో వేదవాక్కులా చెలామణి అయింది. కానీ పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు చూస్తే రెండో పేలుడు తాలూకు మొత్తం మొదటిదాంట్లో నాలుగో వంతు కన్నా తక్కువ. సైనిక ఇంజనీర్లకి ఇన్నేళ్ళుగా అంటిన అపవాదు అన్యాయమైనది, అందుకే ఈ లెక్క గట్టిగా చెప్పాలి.

శకలాల్లో ఎక్కువ భాగం లారీల్లో చెత్త పారబోసే చోటికి పోయింది. పునాది మీద చెక్కిన అక్షరాలు మాత్రం కిల్కెనీలో బట్లర్ హౌస్ తోటకి చేరాయి, ఇప్పటికీ అక్కడున్నాయి. నెల్సన్ తల కథ వేరు. నగరపాలక సంస్థ దాన్ని క్లాన్‌బ్రాసిల్ స్ట్రీట్‌లోని ఒక కొట్టంలో పెడితే, కొద్ది రోజుల్లోనే కళాశాల విద్యార్థులు ఎత్తుకుపోయారు. వాళ్ళ విద్యార్థి సంఘానికి అప్పులున్నాయి, తలని అద్దెకిచ్చి తీర్చుకోవాలన్నది ఆలోచన. అది కిల్లినీ సముద్రపు ఒడ్డున మేజోళ్ళ ప్రకటనలో కనిపించింది, లండన్‌లో పాత సామాన్ల దుకాణం కిటికీలో కూర్చుంది, ఒలింపియా థియేటర్ వేదికెక్కింది. ఆరు నెలల తర్వాత తిరిగొచ్చింది. ఇప్పుడు పియర్స్ స్ట్రీట్‌లోని నగర గ్రంథాలయంలో, పాత పుస్తకాలు చదివే గదిలో ఉంది. ముక్కు దెబ్బతింది, ఒక పక్క పెచ్చు లేచిపోయింది. 40 మీటర్ల కింద నుంచి చూడ్డానికి చెక్కిన మొహం కాబట్టి కనుబొమలు, పెదవులు మామూలు కన్నా లోతుగా, మొరటుగా తవ్వారు. దగ్గర నిలబడితే ఉలి జాడలు విడివిడిగా కనిపిస్తాయి. థామస్ కర్క్ పనితనాన్ని ఆయన బతికున్న రోజుల్లో కింద నుంచి చూసినవాళ్ళెవరూ ఇంత దగ్గరగా చూడలేదు.

చట్టం సంగతి కూడా ముగిద్దాం. కూలిపోయాక మూడేళ్ళకి, 1969లో, నెల్సన్ పిల్లర్ చట్టం వచ్చింది. ట్రస్టు రద్దయింది, స్థలం నగరపాలక సంస్థ చేతికొచ్చింది. ట్రస్టీలకి స్తంభం కింద 21,170 పౌండ్లు, పోయిన టికెట్ల ఆదాయం కింద మరికొంత ఇచ్చారు. ఆ చట్టమే ముప్పై ఏళ్ళ ముందు వచ్చి ఉంటే విగ్రహాన్ని క్రేన్‌తో దించి మ్యూజియంలో పెట్టి, మెట్లు జనానికి వదిలేసేవాళ్ళు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇక మిగతా విగ్రహాలు. కాలేజ్ గ్రీన్‌లో గుర్రం మీద మూడో విలియం రాజు ఉండేవాడు. 1701 నాటిది, గ్రిన్లింగ్ గిబ్బన్స్ పని, సీసం. ఏటా నవంబరు 4న ఆయన పక్షంవాళ్ళైన ప్రొటెస్టెంట్లు రంగులు వేసి, అలంకరించి ఊరేగేవారు, అవతలి పక్షంవాళ్ళు రాత్రిపూట తారు పూసేవారు. రాజు వీపు తమ కళాశాల వైపు తిరిగి ఉందని ట్రినిటీ విద్యార్థులకి కోపం, వాళ్ళు రాజు చేతిలోని దండాన్ని ఊడబీకి పోయారు. 1836లో పేల్చేస్తే రాజు గుర్రం మీంచి ఎగిరిపడ్డాడు. మళ్ళీ అతికించి ఎక్కించారు. సీసం మెత్తన, సొట్టపడితే కొట్టి సరిచేయొచ్చు, అతుకు వేయడం తేలిక. కానీ సొంత బరువుకే కాలక్రమంలో కుంగుతుంది, ప్రతి మరమ్మతుకీ అసలు రూపం కొంత పోతుంది. 1928 నవంబరు 11న, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు గుర్తుగా జనం చేరే నాడు, మళ్ళీ బాంబు పెట్టారు. ఈసారి బాగుచేయలేదు. ఆ స్థలంలో 1966 నుంచి జాతీయవాద కవి థామస్ డేవిస్ విగ్రహం నిలబడి ఉంది. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్‌లో రెండో జార్జిని 1937 మే 13న, లండన్‌లో ఆరో జార్జి పట్టాభిషేకం జరిగిన మర్నాడు, పేల్చి తునకలు చేశారు. అదే ఏడు మొదటి జార్జి విగ్రహాన్ని మాత్రం బర్మింగ్‌హామ్‌లోని బార్బర్ సంస్థ కొనుక్కుంది. ఇప్పటికీ చెక్కుచెదరకుండా అక్కడుంది.

కంచు విగ్రహాన్ని పద్ధతిగా దించడం పెద్ద విద్యేమీ కాదు, ఓపిక కావాలి. పెద్ద విగ్రహాలు ఒకే పోతగా ఉండవు. ముక్కలు ముక్కలుగా పోసి లోపలి నుంచి బిగిస్తారు. లోపలంతా బోలు, మధ్యలో ఇనుప చట్రం. అతుకుల్లోంచి నీళ్ళు దిగి ఆ ఇనుము తుప్పు పట్టడమే మామూలుగా వచ్చే చేటు. పీఠానికి బిగించిన కడ్డీలు ఎక్కడున్నాయో ముందు వెతికి, వాటిని కోసి, పొట్ట కింద మెత్తటి పట్టీలు వేసి, బరువు సమంగా పడేట్టు చూసుకుని ఎత్తాలి. మెడకి, చేతికి, గుర్రం కాలికి తాడు వేస్తే అక్కడే విరుగుతుంది. పీఠం రాళ్ళకి ఒక్కోదానికి అంకె వేసి, పటం గీసుకుని విప్పాలి. అంకెలు వేయకుండా విప్పిన పీఠం మళ్ళీ లేచి నిలబడటం దాదాపు ఉండదు.

విక్టోరియా రాణి అలాగే దిగింది. జాన్ హ్యూస్ చేసిన కంచు విగ్రహం, 1908లో లెన్‌స్టర్ హౌస్ ముందు ఆవిష్కరించారు. స్వాతంత్ర్యం తర్వాత ఆ భవనమే పార్లమెంటు అయింది. 1948 దాకా ఐర్లండ్ శాసనసభ్యులు రాణి పక్కనుంచే లోపలికి వెళ్ళారు. ఆ ఏడు దించి కిల్‌మేనమ్ పాత ఆసుపత్రి ఆవరణలో పడేశారు. తర్వాత ఆఫలీ జిల్లాకి తరలించారు. మొత్తం దాదాపు నలభై ఏళ్ళు గడ్డిలో కూర్చుంది. సిడ్నీలో క్వీన్ విక్టోరియా బిల్డింగ్ బాగుచేస్తున్నవాళ్ళు ఇలాంటి విగ్రహం కోసం దేశాలన్నీ వెతికి, ఐర్లండ్ ప్రభుత్వాన్ని అడిగి అప్పుగా తీసుకెళ్ళారు. 1987 నుంచి ఆ భవనం ముందు ఉంది.

ఫీనిక్స్ పార్కులో గుర్రం మీద ఉన్న సేనాని హ్యూ గఫ్ లిమరిక్ జిల్లావాడు. చైనాలో మొదటి నల్లమందు యుద్ధం, పంజాబులో సిక్కులతో రెండు యుద్ధాలు నడిపినవాడు. ఆయన సేనలు పట్టుకున్న ఫిరంగుల్ని కరిగించి పోసిన విగ్రహమని పీఠం మీద రాశారు, అంటే అందులో మన దేశం నుంచి పోయిన కంచూ ఉంది. శిల్పి జాన్ హెన్రీ ఫోలీ. 1944 క్రిస్మస్ ముందు రాత్రి ఎవరో తల రంపంతో కోసి, కత్తితో సహా పట్టుకుపోయారు. తల లిఫీ నదిలో దొరికింది, మళ్ళీ అతికించారు. 1957 జూలైలో మొత్తం విగ్రహాన్ని పీఠం మీంచి పేల్చి పడేశారు. ముక్కలైనా కంచు కాబట్టి మిగిలింది. పోత విరిగిన చోట అంచులు కలిపి, లోపల కొత్త చట్రం పెట్టి నిలబెట్టవచ్చు. 1980ల్లో అమ్ముడుపోయి, 1990లో ఇంగ్లండ్ ఉత్తరాన చిల్లింగ్‌హామ్ కోటలో మళ్ళీ లేచింది. ఫోలీ ఇంకో చేత్తో చేసినదే ఓకానల్ స్ట్రీట్ మొదట్లో ఉన్న, కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన డేనియల్ ఓకానల్ స్మారకం. దాని కింద కూర్చున్న రెక్కల స్త్రీమూర్తుల ఒంటి మీద తూటా రంధ్రాలున్నాయి. బాగుచేసినప్పుడు వాటిని పూడ్చకుండా వదిలారు, చాలా మంచి పని.

బాంబులు ఒక పక్షానివే కావు. 1969 డిసెంబరులో ఓకానల్ స్మారకం దగ్గర, 1971 ఫిబ్రవరిలో పాతకాలపు తిరుగుబాటు నాయకుడు వూల్ఫ్ టోన్ విగ్రహం దగ్గర పేలినవి బ్రిటన్‌కి విధేయులైన ఉత్తర ఐర్లండ్‌వాళ్ళ బాంబులు.

అదే ఫీనిక్స్ పార్కులో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ స్తంభం మాత్రం 62 మీటర్ల ఎత్తున ఎవరూ ముట్టుకోకుండా నిలబడి ఉంది. దాని కంచు పలకల్లో ఒకటి శ్రీరంగపట్నం ముట్టడి. 1799లో ఆ ముట్టడికి వెల్లింగ్టన్ నడిపిన దళంలో నిజాం సైన్యం ఉంది, నిజాం తరఫు సేనాని మీర్ ఆలం. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు పేరు ఆయనదే. ఆ పలక చేసిన జోసెఫ్ రాబిన్‌సన్ కర్క్, నెల్సన్‌ని చెక్కిన థామస్ కర్క్ కొడుకు.

మద్రాసు సంబంధం ఇంకా లోతైనది. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ మూల మీద, గ్రాఫ్టన్ స్ట్రీట్ ఎదురుగా, ఫ్యూసిలియర్స్ ఆర్చ్ అనే గ్రానైట్ ద్వారం ఉంది. దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో చనిపోయిన, రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్స్ అనే బ్రిటిష్ పటాలం సిపాయిల కోసం 1907లో కట్టారు. కమాను లోపలి భాగాన 222 పేర్లున్నాయి. కట్టిన రోజునుంచే జాతీయవాదులు దాన్ని ద్రోహుల ద్వారం అన్నారు. 1916 కాల్పుల గుర్తులు దాని రాళ్ళ మీద ఇంకా ఉన్నాయి. ఆ పటాలం పుట్టింది డబ్లిన్‌లో కాదు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు యూరోపియన్ దళం, తర్వాత మద్రాస్ ఫ్యూసిలియర్స్, 1862లో బ్రిటిష్ సైన్యంలో కలిసి, 1881లో బొంబాయి ఫ్యూసిలియర్స్‌తో జతపడి డబ్లిన్ ఫ్యూసిలియర్స్ అయింది. మొదటి బెటాలియన్‌కి నీలిటోపీలవాళ్ళు అన్న పేరు 1857 నుంచి వచ్చింది. అప్పటి వాళ్ళ నాయకుడు జేమ్స్ నీల్, అలహాబాదు, కాన్పూరు చుట్టుపక్కల ఊళ్ళలో జనాన్ని ఉరితీయించినవాడు. నీల్‌కి మద్రాసు మౌంట్ రోడ్డు మీద కంచు విగ్రహం పెట్టారు. 1927లో దాన్ని తీసేయాలని సత్యాగ్రహం జరిగింది, జైళ్ళకి వెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దాన్ని దించి ఎగ్మూరు మ్యూజియంలో పెట్టింది. బాంబు లేదు, గొడవ లేదు. ఈనాటికీ కావాలంటే వెళ్ళి చూడొచ్చు. డబ్లిన్‌లో నీలిటోపీల ద్వారం కింద నుంచి రోజూ వేలమంది నడిచిపోతుంటే, వాళ్ళ పాత నాయకుడు మద్రాసులో మ్యూజియం చేరి దాదాపు తొమ్మిది దశాబ్దాలైంది.

ఈ పటాలం తలుచుకుంటే ఐర్లండ్‌వాళ్ళ బాధ అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 25న, టర్కీలోని గలిపొలిలో ఒడ్డుకు దిగుతూ మొదటి బెటాలియన్ పడవల్లోనే తుడిచిపెట్టుకుపోయింది. మిగిలినవాళ్ళని మన్‌స్టర్ ఫ్యూసిలియర్స్‌తో కలిపేశారు, వాళ్ళని డబ్‌స్టర్స్ అనేవారు. 1916లో డబ్లిన్ కాలుతున్న ఆ వారంలోనే, ఏప్రిల్ 27 నుంచి 29 దాకా, ఫ్రాన్స్‌లోని హులుక్ దగ్గర విషవాయువు దాడుల్లో 16వ ఐరిష్ డివిజన్ సిపాయిలు ఐదు వందల మందికి పైగా పోయారు, అందులో డబ్లిన్ ఫ్యూసిలియర్స్ ఎందరో. తిరుగుబాటులో పోయినవాళ్ళకి పాటలు, వీధుల పేర్లు వచ్చాయి. వీళ్ళ తల్లులు పతకాల్ని పెట్టెల అడుగున దాచుకున్నారు. 1922లో పటాలమే రద్దయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఐరిష్ సిపాయిలందరి కోసం కట్టిన తోట ఐలండ్‌బ్రిడ్జ్‌లో ఉంది. మొదట మెరియన్ స్క్వేర్‌లో, పార్లమెంటు ఎదురుగా కడదామన్నారు. కొత్త రాజ్యానికి పునాది ఆ యుద్ధమే అన్న అర్థం వస్తుందని 1927లో మంత్రి కెవిన్ ఓహిగిన్స్ సభలో అభ్యంతరం చెప్పాడు. ఊరి పశ్చిమాన, నది ఒడ్డు ఖాయమైంది. రూపకర్త ఎడ్విన్ లుట్యెన్స్, ఢిల్లీలో ఇండియా గేట్ కట్టిన ఆయనే. 1931 చివర్లో పని మొదలైంది. కూలీల్లో సగం మంది బ్రిటిష్ సైన్యంలో పనిచేసినవాళ్ళు, సగం మంది ఐరిష్ సైన్యంలో పనిచేసినవాళ్ళు, కావాలనే అలా తీసుకున్నారు. ఎక్కువమందికి పని దొరకాలని యంత్రాలు వాడనివ్వలేదు. ఏడెనిమిది టన్నుల గ్రానైట్ దిమ్మెల్ని వాసాలు, తాళ్ళు, కప్పీలతో మనుషులే జరిపి నిలబెట్టారు. ఒకరి మీద ఒకరు కాల్పులు జరుపుకున్న సైన్యాల మనుషులు ఒకే తాడు పట్టుకుని లాగిన పని అది. అక్కడి పుస్తకాల గదుల్లో 49 వేలకి పైగా పేర్లున్న 8 సంపుటాలు ఉన్నాయి, అంచుల బొమ్మలు హ్యారీ క్లార్క్‌వి.

1939లో తెరవాల్సింది, ఇంకో ప్రపంచ యుద్ధం అడ్డొచ్చింది. తర్వాత తోటలోని రాతి శిలువ మీద 1956లో, 1958లో బాంబులు పెట్టారు. గ్రానైట్ కాబట్టి నిలిచింది. బాంబుల కన్నా ఎక్కువ చెడగొట్టింది నిర్లక్ష్యం. 1970ల నాటికి కలుపు పెరిగి, గోడలు పగిలి, చెత్త పోసే చోటుగా మారింది. నీటి తొట్లు ఎండిపోయాయి. 1980ల్లో ప్రభుత్వ నిర్మాణ శాఖ బాగుచేశాక, 1988 సెప్టెంబరు 10న లాంఛనంగా అంకితం చేశారు, అంటే కట్టడం పూర్తయిన యాభై ఏళ్ళకి. 2011 మే 18న ఎలిజబెత్ రాణి, ఐర్లండ్ అధ్యక్షురాలు అక్కడ పక్కపక్కనే నిలబడి పూలదండలు ఉంచారు.

అందరి పేర్లూ ఒకేచోట రాయడం మాత్రం ఇంకా కుదరలేదు. గ్లాస్‌నెవిన్ శ్మశానంలో 2016లో ఒక గోడ మీద తిరుగుబాటుదారులు, బ్రిటిష్ సిపాయిలు, మామూలు జనం, ఈస్టర్ వారంలో పోయిన అందరి పేర్లూ చెక్కారు. 2017లో రంగు పోశారు, 2020లో సమ్మెటతో కొట్టారు. తర్వాత దాన్ని అలా కొనసాగించడం మానుకున్నారు. ఈస్టర్ వారంలో పోయిన ఆ పిల్లల పేర్లు కూడా ఆ గోడ మీదే ఉండేవి, అందుకే ఈ దెబ్బ నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ బాధ.

పిల్లర్ ఉన్న చోట ఇప్పుడు స్పైర్ ఉంది. 2002 డిసెంబరు 18న మొదటి భాగం పెట్టి, గాలి తగ్గిన రోజుల కోసం కాచుకుంటూ, 2003 జనవరి 21న చివరి భాగం ఎక్కించారు. 120 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు, అడుగున 3 మీటర్ల వెడల్పు, కొసన 15 సెంటీమీటర్లు. ఊగకుండా లోపల బరువులు వేలాడే యంత్రాంగం ఉంది. ఎవరికీ చెందని స్మారకం కావాలనుకున్నారు, అలాగే కట్టారు. అది ఎక్కడానికి వీల్లేదు. డబ్లిన్‌లో పనిచేసే మన తెలుగు పిల్లలు ఒకరికొకరు ఫోన్ చేసి "స్పైర్ దగ్గర ఉంటా" అని చెప్పుకుంటారు. వాళ్ళు ఎప్పుడైనా తీరిక చేసుకుని పియర్స్ స్ట్రీట్ గ్రంథాలయానికి వెళ్ళి, పైగదిలో ఆ రాతి తలని చూడాలని నా కోరిక. ఓకానల్ స్ట్రీట్ నుంచి నది దాటి నడిస్తే పావుగంట కూడా పట్టదు.